రాణిగారి జడ

మొన్న సాయంత్రం మా వీధిలోకి ఒక రిక్షా వచ్చింది. దాని నెత్తిన మైకు, మైకు వెనకాల గొంతు బొంగురుపోయిన మనిషి. మన ఊరి నాటక సమాజానికి యాభై ఏళ్లు నిండాయట. స్వర్ణోత్సవాల్లో పాత నాటకాలన్నీ మళ్లీ వేస్తారట. అప్పుడు చూడనివాళ్లు ఇప్పుడు చూడాలట, అప్పుడు చూసినవాళ్లు ఇంకోసారి చూడాలట. నేను అరుగు మీద కూర్చొని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాను. రిక్షా వీధి మలుపు తిరిగాక చూస్తే, ఒలిచిన గింజలు కింద పారేసి పొట్టు ఒళ్లో వేసుకున్నాను. తెల్లారి సమాజం తరఫున ఇద్దరు కుర్రాళ్లు ఇంటికి వచ్చారు. మొదటి నాటకంలో రాణి వేషం కట్టిన మా మామ ఫొటో ఇస్తే ప్రత్యేక సంచికలో అచ్చు వేస్తామన్నారు. లేదన్నాను. ఒక్కటి కూడా తీయలేదా అని అడిగారు. తీశారు నాయనా, తీసిన ఫొటోగ్రాఫరు రాణిని ప్రేమించేసి, ఫొటో చంకన పెట్టుకొని బొంబాయి మెయిలెక్కి వెళ్లిపోయాడు, ఈ రోజు వరకూ పెళ్లి చేసుకోలేదు అని చెప్పాను. ఇద్దరూ "అయ్యో పాపం" అనుకుంటూ వెళ్లిపోయారు. నా నోటికి అబద్ధం వచ్చినంత సులువుగా నిజం రాదని మా ఇంటావిడ అంటుంది. ఆ మాట మాత్రం నిజమే. అయినా ఈ ఒక్క సంగతీ ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను. నడుమ ఎక్కడైనా నా బుద్ధి చూపిస్తే చదివేవాళ్లే కాస్త తరుగు తీసుకోవాలి.

మామ మా అమ్మకు స్వయానా అన్న. పగలంతా తాలూకా కచేరీలో గుమాస్తా. నల్లకోటు, చెవిలో కలం, తలకు పెద్ద తలపాగా. ఆ తలపాగా కింద ఏముందో తిరుపతిలో తెలియనివాళ్లు లేరు. విప్పితే మోకాళ్ల దాకా జుట్టు. ఆడవేషాలు కట్టే మగవాళ్లు ఆ రోజుల్లో జుట్టు పెంచుకోవడం వింతేమీ కాదు. కానీ భుజాలు దాటేసరికి చాలామంది విసిగి కత్తిరించేసేవారు, పైన సవరం కట్టుకొనేవారు. మామ విసగలేదు. ఒకసారి రేణిగుంటలో ఆయన రైలెక్కి కిటికీ పక్కన సర్దుకు కూర్చుంటే, జడ కొస ఇంకా ప్లాట్‌ఫారం మీద కాఫీ తాగుతూ ఉందని, గార్డు దానికి వేరే టిక్కెట్టు అడిగాడని నేను చెబితే నమ్మినవాళ్లు చిత్తూరులో ఇప్పటికీ ఉన్నారు. ఆదివారం పూట పెరట్లో సాంబ్రాణి పొగ వేసుకుంటూ మామ జుట్టు ఆరబెట్టుకొనేవాడు. పొరుగింటి ఆడవాళ్లు గోడ మీదుగా తొంగిచూసి, "అన్నా, ఏం నూనె రాస్తావు?" అని అడిగేవారు. ఆయన సిగ్గుపడకుండా మందారాకు, మెంతులు, కొబ్బరినూనె అంటూ పాళ్లతో సహా చెప్పేవాడు. మా అత్త మాత్రం ఆ మాటలు వినబడగానే లోపల గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేది. ఆమె జుట్టు పిడికెడు.

సమాజం పుట్టిన ఏడాదే వేసిన మొదటి నాటకంలో మామది రాణి వేషం. చెప్పుడు మాటలు విన్న రాజు ఆమెను నిండుసభలో వెళ్లగొడతాడు. రాణి ఏడవదు, శాపాలు పెట్టదు. జడ విప్పి, జుట్టంతా భుజాల మీదుగా వదిలి, రాజు మొహంలోకి చూస్తూ నిలబడుతుంది. పద్యం లేదు, మాట లేదు, హార్మోనియం కూడా ఆగిపోతుంది. అంతే సీను. ఆ సీనులో చంకలో పసిపిల్లలు కూడా ఏడుపు మానేవారని మా అమ్మ చెప్పేది. కార్వేటినగరం దివాణం నుంచి సమాజం సంపాదించిన పాత జరీచీర కట్టుకొని మామ అలా నిలబడితే, మరుసటి రోజు కచేరీలో అర్జీ ఇవ్వడానికి వచ్చిన రైతులు కూడా ఆయన ముందు చేతులు కట్టుకొనేవారట. తర్వాత టాకీలు వచ్చాయి. సమాజం ఆ పెద్ద నాటకాలు మానేసి, నవ్వులాటలు నాలుగు వేసుకుంటూ కాలం గడిపింది. రాణి ఊసెత్తినవాడు లేడు. జుట్టు మాత్రం అలాగే ఉంది. కచేరీలో తోటి గుమాస్తాలు, "ఏమప్పా రాణీ, ఆ ఫైలు యాడ పెట్టినావు?" అనేవారు. "రాజుకాడ ఉండాది, పొయ్యి అడుగు" అనేవాడు మామ, తల ఎత్తకుండానే.

మామకు ఒక్కడే కొడుకు. వాడికి ఎనిమిదో ఏట సన్నిపాత జ్వరం వచ్చి, వైద్యుడు కూడా గడప దగ్గరే నిలబడి మాట్లాడే దశ వచ్చినప్పుడు, అత్త వాకిట్లోకి వెళ్లి కొండ వైపు తిరిగి, బిడ్డ బతికితే ఇంటాయన తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. బిడ్డ బతికాడు. మొక్కు సంగతి అప్పుడు చెప్పింది. మామ అంత గట్టిగా అరవడం నేను వినడం అదే మొదలు.

"నా నెత్తిన ఉండేది మొక్కుకొనేదానికి నువ్వెవురుమ్మే? నీ నెత్తిన లేదా?"

"నా నెత్తిన ఉండేది నాలుగెంటికలు. పోతే నాకేమి, ఉంటే నాకేమి? ఆశ ఉండేదాన్ని కదయ్యా మొక్కుకోవాల్సింది. ఈ ఇంట్లో దానిమీద ఉండే ఆశ నీకింగ దేనిమీద ఉండాది?"

మామ తలపాగా చుట్టుకుంటూ, "ఇస్తాన్లే. ఇంగొక్కసారి ఆ వేషం కట్టి, మర్నాడే కొండెక్కుతాను. సామికి లోకమంతా ఇస్తాండారు. రాణికి నేనొక్కణ్ణే కదమ్మే" అన్నాడు. అత్త ఒప్పుకుంది. తిరుపతి వాళ్లకు మొక్కులు వాయిదా వేయడంలో ఒక ధీమా ఉంటుంది. ఎక్కడో ఉన్నవాళ్లు ఆస్తులమ్ముకొని పరుగెత్తుకొస్తారు. మేం మాత్రం కొండ ఎక్కడికి పోతుందిలే అనుకుంటాం, రోజూ కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి. ఏళ్లు గడిచాయి. ఆవు వట్టిపోయినా, కొడుకు లెక్కల్లో తప్పినా, బావి తాడు తెగినా అత్త ఏమీ అనేది కాదు. మామ తలపాగా వంక ఒకసారి చూసేది. ఆ చూపుకు తలపాగా దానంతటదే వదులయ్యేదని నేనంటాను.

అలాంటప్పుడు సమాజానికి పాతికేళ్లు నిండాయి. యుద్ధం రోజులు. రజతోత్సవానికి పాత నాటకాలన్నీ మళ్లీ వేయాలని, ఏ వేషం ఎవరు కట్టారో వాళ్లే కట్టాలని తీర్మానం చేశారు. ఆ తీర్మానం తెచ్చింది రాజు వేషం కట్టిన ఆసామి. ఆయనకు రైసుమిల్లు ఉంది, ఉత్సవాలకు పెద్ద చందా ఆయనదే, ప్రాణం పోయేదాకా రాజుగానే ఉండాలన్నది ఆయన కోరిక. ఆ రోజు మామ ఇంటికి వచ్చిన తీరు ఇంకా నా కళ్లముందుంది. చెప్పులు విడవకుండానే వంటింట్లోకి వెళ్లి, "మేయ్, ఇంగ నీ సామికి సెప్పు, ఈ నెలలోనే వస్తాండానని" అన్నాడు. అత్త మొహం విచ్చుకుంది. ఆ ఇంట్లో ఇద్దరూ ఒకే రోజు కోసం ఎదురుచూడటం అప్పుడే చూశాను. ఆయన వేషం కోసం, ఆమె ఆ మర్నాటి కోసం.

రిహార్సళ్లలో నాది తెర లాగే ఉద్యోగం. తాడు పట్టుకొని నేను చూసిన వినోదాలు ఇంకెవరూ చూసి ఉండరు. రాజుగారు పాతికేళ్ల కిందట సింహాసనం మీదికి ఎగిరి కూర్చొనేవాడట. అలాగే ఎగిరాడు. సింహాసనం ఆగింది, చెయ్యి ఆగలేదు. పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించుకొచ్చారు. ఆకుపసరు, కోడిగుడ్డు, వెదురుబద్దలు కలిసి ఆ చెయ్యి ఇంకో చిన్న సింహాసనంలా తయారైంది. ఆ వాసనకు మంత్రులు సభలో దూరంగా నిలబడి సలహాలు ఇచ్చేవారు. యువరాజు వేషం కట్టిన పసివాడు ఇప్పుడు గూడ్సుబండి గార్డు, గుబురు మీసం. తీర్మానం తీర్మానమే కాబట్టి తల్లి ఒళ్లో కూర్చోవలసిందే. "కూసో నాయనా, తల్లికి బిడ్డ బరువా?" అన్నాడు మామ. గార్డు కూర్చున్నాడు. మామ కాళ్లు తిమ్మిరెక్కి, యువరాజు వనవాసానికి వెళ్లాక కూడా రాణి లేవలేకపోయింది. అందరం పడీపడీ నవ్వాం. కానీ ఆ జడ విప్పే సీను వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు. నేను తాడు లాగడం మరిచిపోయాను. ఆయన మెడ మీద ముడతలున్నాయి, చెంపలు జారాయి. అయినా ఆ నిలబడటంలో ఏదో ఉంది, చెబితే నా కోతల్లో కలిసిపోతుంది.

అసలు చిక్కు కిరసనాయిలుతో వచ్చింది. యుద్ధం వల్ల కిరసనాయిలు కూపన్ల మీద తప్ప దొరికేది కాదు. పెట్రోమాక్సు లైట్లు వెలిగించే దారి లేదు. అందుకని నాటకం పగటిపూట, భోజనాలయ్యాక మొదలుపెట్టాలని నిర్ణయించారు. సమాజానికి అప్పుడు కొత్తగా వచ్చిన కార్యదర్శి మదరాసులో చదివొచ్చిన వకీలు. పాత నాటకం చూసినవాడు కాదు. పై అధికారులను భార్యలతో సహా పిలిచి ఉన్నాడు. వెలుతురులో మా రిహార్సలు ఒకటి చూసి కంగారుపడ్డాడు. రాజుకు పొట్ట ఉండవచ్చు, ఆ పొట్ట చందా ఇచ్చింది. యువరాజుకు మీసం ఉండవచ్చు. రాణి మెడ మీద మాత్రం ముడతలు ఉండకూడదు. తీర్మానం అందరికీ నిలిచింది, ఒక్క మామకే రద్దయింది. సూళ్లూరుపేట నుంచి ఒక అమ్మాయిని పిలిపించారు. మంచి గొంతు, టాకీలో ఒకటి రెండు చోట్ల చెలికత్తెగా నిలబడిందట. ఆ సంగతి మామకు చెప్పినవాడు లేడు. ఒకరోజు కచేరీ నుంచి రిహార్సలుకు వెళ్లేసరికి, ఆయన పీట మీద ఆమె కూర్చొని ఉంది.

మర్నాడు ఉదయం కార్యదర్శి, రాజుగారు కలిసి మామ ఇంటికి వచ్చారు. క్షమాపణ చెప్పడానికి అనుకున్నాం. కాఫీ తాగి, గొంతు సవరించుకొని కార్యదర్శి అసలు మాట బయటపెట్టాడు. ఆ అమ్మాయికి ఈ మధ్యనే జ్వరమొచ్చి జుట్టంతా రాలిపోయిందట. బజారులో దొరికే సవరాలు వెలుతురులో గుర్రపుతోకల్లా కనిపిస్తున్నాయట.

"మీది ఎట్లయినా కొండకిచ్చేదే కదండీ. నాలుగు దినాలు ముందు మాకిస్తే, అసలు రాణి మీరేనని వేదిక మీద చెప్పి, శాలువా కప్పుతాం."

నేను గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాను. అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"మొక్కుకొన్నదాన్ని ఇంకోరి నెత్తిన పెడతారా? సామికి ఎంగిలి పెట్టమంటావాప్పా? లేసి పోండి మీరు!"

రాజుగారు కట్టు చేతిని ఒళ్లో సర్దుకుంటూ, "అట్ల గాదు సెల్లెలా, సమాజం పరువు" అన్నాడు.

"నీ పొట్టకు లేని పరువు నా మొగుడి నెత్తిన వెతుకుతాండావా అన్నా?"

మామ ఆ మాటలేవీ విన్నట్టు లేడు. "ఆ పిల్ల నడక ఎట్లుండాది?" అని అడిగాడు. అంతే. వాళ్లు వెళ్లిపోయాక కూడా అదే అడిగాడు, ఈసారి నన్ను. బాగుందన్నాను. బాగానే ఉంది మరి. ఆ సాయంత్రం ఆయనే వెళ్లి, వెనకాల నిలబడి చూసి వచ్చాడు. తిరిగొచ్చే దారిలో నాతో అన్నాడు. "అల్లుడా, మొండిజడతో రాణి నిలబడితే ఆ సీను సచ్చిపోతాది. నేనే సంపినట్టు అవుతాది."

మర్నాడు ఆయన కచేరీ నుంచి వచ్చినప్పుడు తలపాగా చెవుల మీదికి జారి ఉంది. లోపల ముడి లేదు, నిలపడానికి. అత్త ఆ తలపాగాను చూసింది, మామ చేతిలో ఏమైనా ఉందేమో చూసింది. చేతులు ఖాళీ. ఆమె ఏడవలేదు. ఆ రాణి నిలబడినట్టే నిలబడింది, చేతిలో గరిటెతో. తర్వాత ఆయనకు అన్నం పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు.

నాటకం రోజు సమాజం రేకుల కొట్టంలోకి ఎండ పక్కలనుంచి నేరుగా పడింది. చిరిగిన తెరకు వేసిన మాసికలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. మొహాలకు పూసిన పచ్చటి అర్దళం చెమటకు కారి, సభలో మంత్రులందరికీ కామెర్లు వచ్చినట్టు కనిపించారు. ముందు వరుస కుర్చీలు అధికారులకు, వాళ్ల భార్యలకు చాలలేదు. మామకు మూడో వరుసలో బల్ల దొరికింది. వేదిక మీద ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. చివర్లో చెబుతారేమో అనుకున్నాను. సీను వచ్చింది. ఆ అమ్మాయి జడ విప్పింది. మామ జుట్టు ఆమె భుజాల మీదుగా నేలదాకా దిగింది. ఆ క్షణం కొట్టంలో గాలి ఆగిపోయింది. తెర పక్కనుంచి మామను చూశాను. ఆయన కూడా తల ఎత్తి, గడ్డం కాస్త పక్కకు తిప్పి, ఆమెతో పాటు నిలబడుతున్నాడు, బల్ల మీద కూర్చొనే. ఇచ్చింది వృథా కాలేదని నేను నమ్మింది ఆ ఒక్క క్షణమే.

ఆమె రాజు మొహంలోకి చూడటానికి తల ఎత్తింది. ఆమె సొంత జుట్టు పిల్లిపిలక, దానికి ముడి వేసింది ఏనుగు బరువు. ముడి జారింది. జుట్టంతా ధబ్బున కింద పడింది.

"రాణెమ్మా, తోకూడిందే!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. కొట్టం పగిలిపోయేట్టు నవ్వారు. అధికారుల భార్యలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. రాజుగారు సాయం చేయబోయి దాన్నే తొక్కి, కట్టు చెయ్యి పైకెత్తుకొని తూలాడు. నవ్వు రెండింతలైంది. ఆ అమ్మాయి రెండు చేతులతో తల కప్పుకొని నిలబడిపోయింది. కార్యదర్శి పక్కనుంచి "తెర, తెర!" అని బుసకొట్టాడు. దించాను. పగటి వెలుతురులో ఆ పలచని తెర వెనక ఏం జరుగుతోందో అందరికీ కనబడుతూనే ఉంది.

మామ వేదిక ఎక్కి, వంగి, జుట్టును దుమ్ము దులిపి చేతికి చుట్టుకున్నాడు. ఆ అమ్మాయి ఏడుస్తూ, "మదరాసులో కొన్నామని సెప్పినారన్నా. ఇది నీదా?" అంది.

"నాది కాదులేమ్మా" అన్నాడు మామ. "రాణిది."

మిగతా నాటకం ఆమె కొంగు కప్పుకొని ఆడింది. చివర్లో కార్యదర్శి ప్రాచీన కళ గురించి ఉపన్యాసం ఇచ్చాడు. శాలువా తెచ్చారు. అది రాజుగారికి కప్పారు.

మర్నాడు మామ, అత్త, నేను అలిపిరి మెట్ల దారిన కొండెక్కాం. జుట్టు మామ ఉత్తరీయంలో మూటగా ఉంది. అత్త ముందు నడిచింది, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. పైన ఆ మూటను ముందుకు చాపితే మంగలి ముసలాయన విప్పి చూసి, "ఎవురి నెత్తిన ఉండినది సామీ ఇది?" అన్నాడు. అత్తే చెప్పింది. "ఇంకోరు పెట్టుకొని పారేసింది. వాడిన పూవు. సామికి పనికిరాదులే నాయనా. ఆ నెత్తిన మిగిలింది గొరుగు." మామ తల వంచాడు. మిగిలింది అంగుళమైనా లేదు, అందులో సగం తెలుపు. కత్తి నాలుగు గీతలు గీసేసరికి అయిపోయింది. మొక్కు తీరిందా అని నేను నోరుజారి అడిగాను. అత్త ఆ రాలిన వెంట్రుకల వంక చూసి, "పంట నాటకానికి, మోళ్లు దేవునికి" అంది. మూడు రోజుల తర్వాత ఆమె నోటివెంట మామకు వినబడిన మొదటి మాటలు ఇవే.

మూటను ఆయనే తెచ్చి మర్నాడు నీళ్లపొయ్యిలో వేశాడు. కాలిన వెంట్రుకల వాసన వీధి చివరిదాకా పాకింది. నూనె ఏదని గోడ మీదుగా అడిగిన పొరుగావిడే ఏం వాసన అని అడిగింది. "ఏమీలేదు, రాణి పోయింది" అంది అత్త.

తర్వాత మామ మళ్లీ జుట్టు పెంచాడు. ఈసారి నాటకం కోసం కాదు, ఆమె కోసం. శనివారం తలంటు పోశాక అత్త దాన్ని జానతో కొలిచి, "ఇంగా సాలదు" అనేది. అరవైకి దగ్గరపడిన తలలో అంతకంటే పెరగలేదు. మెడ దాకా వచ్చి ఆగిపోయింది. ఆగిన చోటే ఉండగా ఆయన పోయాడు. తలపాగా లేకుండా ఆయన వీధిలోకి వెళ్లడం ఆ రోజే చూశాను.

ఇప్పుడు స్వర్ణోత్సవానికి రాణి కోసం వెతుకుతున్నారట. దొరుకుతుంది. గడిచిపోయిన కాలాన్ని మళ్లీ వేదిక ఎక్కించాలని ముచ్చటపడేవాళ్లు ప్రతి పాతికేళ్లకూ పుడుతూనే ఉంటారు. ఉత్సవం వాళ్లది, కాలం అందరిదీ, తల మాత్రం ఎప్పుడూ ఇంకొకరిదే.